భోగిమంటకు ముందు ఆ డబ్బా మూత ఒక్కసారి తీయండి

సంపాదకులు గారికి,

అయ్యా,

మరో పది రోజుల్లో భోగి. ధనుర్మాసం మొదలైన దగ్గర నుంచి మా బందరులో ఏ వీధిలో చూసినా బూజులు దులిపేవారు, అటకల మీది సామాను కిందికి దింపేవారు, దింపినదాన్ని అరుగు మీద పరచి ఏది పాత సామాన్ల బండికి, ఏది భోగిమంటకు అని వేరు చేసేవారే కనిపిస్తున్నారు. ఆ వేరు చేసే పనిలో చాలా ఇళ్లలో పాత నెగెటివ్‌లను, అంటే ఫోటోలకు మూలమైన ఫిల్ము ముక్కలను, చెత్తలో కలిపేసే పొరపాటు ఒకటి జరుగుతోంది. ఆ పొరపాటును నేను 1997లో స్వహస్తాలతో చేసి, దాని ఫలితం ఇప్పుడు అనుభవిస్తున్నాను కాబట్టి, పండుగ దాటిపోకముందే మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైన ఉత్తరమే. స్థలం చాలక కత్తిరించవలసి వస్తే నా సొంత గోడు కత్తిరించండి గాని నెగెటివ్‌ల సంగతి మాత్రం ఉంచమని మనవి.

డిసెంబరు మూడో వారంలో మా ఇంటి అటక దింపించాను. ఇత్తడి గుండిగల వెనకాల తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా ఒకటి దొరికింది. మూత బిగుసుకుపోయి చేతికి రాలేదు. చెంచా కాడ దూర్చి తిప్పితే ఊడింది. లోపల కొన్ని గవ్వలు, ఒక కళ్లజోడు కాడ, మనియార్డరు రసీదులు, వాటి అడుగున గోధుమరంగు కాగితపు కవరు. కవరు మీద ఊదారంగు సిరాతో ఒక నంబరు, దాని పక్కన 'బాకీ 1-50' అని రాసి ఉంది. అది ఫోటో స్టూడియో వారి కవరు. ఆ రూపాయిన్నర మా నాన్నగారు తీర్చారో లేదో చెప్పగలిగినవారు ఇప్పుడు ఎవరూ లేరు. కవరులో మూడేసి ఫోటోల చొప్పున కత్తిరించిన నాలుగు నెగెటివ్ ముక్కలు, అంటే ఒక రీలుకు సరిపడా పన్నెండు బొమ్మలు ఉన్నాయి.

మొదటి ముక్కను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఒక్క నిమిషం పాటు ఏమీ బోధపడలేదు. తెల్లటి నేల మీద నల్లటి గీతలు. ఆ తర్వాత చుక్కలు కనిపించాయి, చుక్కల చుట్టూ తిరిగిన మెలికలు కనిపించాయి, చివరకు గొంతుకు కూర్చుని ఉన్న మనిషి కనిపించింది. మా నాయనమ్మ. తెల్లని వాకిట్లో నల్లని ముగ్గు వేస్తోంది. పక్కన తెల్లటి గొబ్బెమ్మలు, వాటి నెత్తిన నల్లటి గుమ్మడిపూలు. నెగెటివ్‌లో నలుపు తెలుపులు తారుమారవుతాయని నలభై ఏళ్లు డ్రాయింగు పాఠాలు చెప్పినవాడికి తెలియకపోదు గాని, డెబ్బై దాటిన నాయనమ్మ తలంతా నిగనిగలాడే నల్లజుట్టుతో కనిపించేసరికి చేతిలోని ముక్క కిందికి దించబుద్ధి కాలేదు.

మనవడు ఫోను తెచ్చి, తెల్లటి తెర వెలిగించిన ఇంకో ఫోను ముందు ఆ ముక్కను కాస్త ఎడంగా పట్టించి, ఫోటో తీసి, రంగులను తిరగవేసే సదుపాయంతో రెండు నిమిషాల్లో దాన్ని మామూలు ఫోటోగా మార్చి చూపించాడు. చూపించి వేళ్లతో పెద్దది చేశాడు. మా చిన్నప్పుడు ఇంట్లో ఉన్న ప్రింటు అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది, అంతే. అందులో నాయనమ్మ, ముగ్గు తప్ప ఇంకేమీ తెలిసేవి కావు. ఇప్పుడు నెగెటివ్‌లోంచి చూస్తే అరుగు మీద చిమ్నీ పగిలిన లాంతరు ఉంది, తలుపు వారన మా అమ్మ చేటలో ఏదో పట్టుకుని ఆగిపోయి ఉంది, ఎదురింటి గోడ మీద కుటుంబ నియంత్రణ వారి తల్లకిందుల త్రికోణం ఉంది. మరుసటి ఫోటోలో సరిగ్గా ఆ త్రికోణం కిందనే మేము అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం ఆరుగురం కొత్త బట్టలతో వరసగా నిలబడి ఉన్నాము. తీసినవారికి అప్పుడు నవ్వు వచ్చిందో లేదో గాని మా ఇంట్లో పిల్లలు మాత్రం ఈ వారం అంతా నవ్వుతూనే ఉన్నారు.

ఆ ఫోటోలు తీసినది మా పెద్ద బావగారు. ఆయన రైల్వేలో పనిచేసేవారు, ఆయన దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ అనే కెమెరా ఉండేది. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు, అంతకు మించి తిప్పవలసినది అందులో పెద్దగా ఏమీ ఉండదు. రీలుకు పన్నెండు చదరపు ఫోటోలు పడతాయి. మేము వాడినవి ఊటీలోని ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారుచేసిన ఇందు రీళ్లు. ఆ కర్మాగారమూ మూతపడి ఏళ్లయింది. పన్నెండే ఫోటోలు కాబట్టి రీలును ఎవరూ ఒక్క రోజులో అవగొట్టేవారు కాదు. ఈ రీలులో మొదటి అయిదు సంక్రాంతివి. ఆరోదాంట్లో హరిదాసు మోకాలు వంచి నిలబడితే మా అక్క మునివేళ్ల మీద నిక్కి ఆయన తలమీది అక్షయపాత్రలో బియ్యం పోస్తోంది. ఏడోది చెడిపోయింది. ఎనిమిది, తొమ్మిది శ్రీరామనవమి పందిరివి. చివరిది జూన్ నెలలో బడి తెరిచిన రోజుది. పుష్యమాసంలో కెమెరాలో ఎక్కించిన రీలు కడిగించేసరికి తొలకరి వచ్చిందన్నమాట. మధ్యలో ఎవరైనా 'ఫోటోలు ఎలా వచ్చాయి' అని అడిగితే 'ఇంకా మూడున్నాయి' అని చెప్పడం నాకు బాగా గుర్తు.

అది ఏ సంవత్సరమో ఎక్కడా రాసి లేదు. నాలుగో ఫోటోలో మా ఆఖరి తమ్ముడికి పీట వేసి భోగిపళ్లు పోస్తున్నారు. వాడు పుట్టినది 1972 ఆగస్టులో. వాడు పీట మీద తనంతట తాను కూర్చుని ఉన్నాడు కాబట్టి అది 1974 సంక్రాంతి అని తేల్చాము. 1975 అని మా చెల్లెలి వాదన. ఆ ఫోటోలో రేగిపళ్లు గాలిలో ఉండగా మీట నొక్కారు. ఆ కెమెరాకు అంత వేగం లేదు కాబట్టి పళ్లు గుండ్రంగా కాక నిలువు చారల్లాగా, వాడి నెత్తిన వాన పడుతున్నట్లుగా వచ్చాయి. ఒక్క చెరకు ముక్క మాత్రం వాడి చెవి మీద ఆగి స్పష్టంగా ఉంది. ఇటువంటి ఫోటోను ఇప్పుడు ఎవరైనా తీస్తే బాగా రాలేదని వెంటనే తీసిపారేస్తారు.

ఇక నా పొరపాటు సంగతి. 1997లో ఇల్లు మారుతున్నప్పుడు గుడ్డసంచి నిండా నెగెటివ్‌లు బయటపడ్డాయి. మా పెళ్లివి, పిల్లల బారసాలలవి, పండుగలవి. ప్రింట్లు ఆల్బముల్లో అతికించి ఉన్నాయి కదా, ఈ చుట్టలు ఎవరికి కావాలి అనుకున్నాను. మా ఆవిడ 'ఉండనివ్వండి, ఏం అన్నం అడుగుతాయా' అన్నది. వినలేదు. భోగినాటి తెల్లవారుజామున పిడకల దండలతో పాటు ఆ సంచిని కూడా మంటలో వేశాను. చుట్టలు ముడుచుకుంటూ, నల్లటి పొగతో, ముక్కుపుటాలు మండే వాసనతో కాలాయి. చలి కాచుకుంటున్నవారు రెండడుగులు వెనక్కి జరిగారు. పాతది పోయి కొత్తది రావాలన్న పండుగ మాటను నేను అంత అక్షరాలా పాటించాను.

ఆల్బములు మా అమ్మాయి ఇంట్లో ఉండేవి. ఆమె కాపురం విజయవాడ సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వచ్చి ఆ ప్రాంతాన్ని రోజుల తరబడి ముంచిన సంగతి పాఠకులు మరచిపోయి ఉండరు. కింది అంతస్తులో నడుం లోతు నీరు నిలిచింది. ఆల్బములు బీరువా అడుగు అరలో ఉన్నాయి. నీరు తీశాక మా అమ్మాయి వాటిని మేడ మీద ఎండలో ఆరబెట్టి, ఆ తర్వాత ఒక్కొక్క ఫోటోను పేజీ నుంచి ఊడదీయబోయింది. అవి జిగురు పేజీలు, పైన ప్లాస్టిక్ కాగితం ఉండే రకం. ఫోటోలోని బొమ్మ అంతా ప్లాస్టిక్‌కు అంటుకుని వచ్చేసి తెల్ల కాగితం చేతిలో మిగిలింది. మా పెళ్లి ఫోటోల్లో బాగా మిగిలినది ఒక్కటి. దానిలో జీలకర్ర బెల్లం పెడుతున్న నాలుగు చేతులు, ఒక గాజుల వరస, అడ్డుతెర అంచు ఉన్నాయి. మొగాలు లేవు. నెగెటివ్‌లు ఉండి ఉంటే ఆ ఫోటోలన్నీ మళ్లీ వేయించుకునేవాళ్లం. ఉన్నవాటిలో సగం నీటిపాలు, అంతకుముందే మిగతా సగం నా చేతుల మీదుగా నిప్పులపాలు.

ఆ తర్వాత తెలుసుకున్నదేమంటే, తడిసిన ఫోటోలను తడి మీద ఉండగానే చూసుకోవాలి. ఎండలో పెట్టకూడదు, బలవంతంగా విడదీయకూడదు. శుభ్రమైన చల్లని నీటిలో నాననిచ్చి, వాటంతటవి విడివడుతుంటే మెల్లగా తీసి, బొమ్మవైపు పైకి ఉండేటట్లు పాత గుడ్డ మీద నీడపట్టున పరచుకోవాలి. బొమ్మ మీద వేలు పెట్టకూడదు. అప్పటికప్పుడు తీరిక లేకపోతే సంచిలో వేసి ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో పెట్టుకుని తర్వాత తీరికగా చూసుకోవచ్చు. వరదలో కరెంటు లేని ఇంట్లో ఈ ఆఖరి మాట ఎవరికి పనికివస్తుందని మా అమ్మాయి అడిగింది. నిజమే. అయినా తుపాను ఊళ్లలో ఉండేవాళ్లం, పై ఊళ్లలో చుట్టాలున్నవాళ్లం, చెవిన వేసుకుని ఉండడం మంచిది.

నెగెటివ్ విలువ నాకు తెలియనిదేమీ కాదు. తెలిసి ఉండి చేశాను కాబట్టే ఇంత బాధ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమలో వేలమంది చనిపోయారు. నాగాయలంక వైపు ఇచ్చిన మా మేనత్త భర్తను, ఇంటిని, ఇంట్లో ఉన్న సమస్తాన్ని పోగొట్టుకున్నది. మామయ్యగారి ఫోటో ఒక్కటీ మిగలలేదు. మా నాన్నగారు ఆమెను వెంటబెట్టుకుని బందరులో వాళ్ల పెళ్లినాటి ఫోటో తీసిన స్టూడియోకు వెళ్లారు. నేనూ వెంట ఉన్నాను. స్టూడియో ఆయన ఏ సంవత్సరం, ఏ నెల అని అడిగి, బైండు పుస్తకాలు నాలుగు తిరగవేసి, పేరు దొరకగానే దాని ఎదుట ఉన్న నంబరు పట్టుకుని లోపలికి వెళ్లాడు. చాలాసేపటికి ఒక కవరుతో బయటికి వచ్చాడు. రెండు రోజుల తర్వాత ప్రింటు ఇచ్చి డబ్బు పుచ్చుకోలేదు. మా మేనత్త బతికినన్నాళ్లూ దండ వేసుకున్నది ఆ ఫోటోకే.

ఆనాటి స్టూడియోలన్నీ ఇంచుమించు అలాగే నడిచేవి. ప్రతి నెగెటివ్‌కు నంబరు, ప్రతి నంబరుకు పుస్తకంలో పద్దు. ఎర్ర బల్బు గదిలో కడగడం, ఆరాక సన్నని పెన్సిలుతో నెగెటివ్ మీదనే మొటిమలు, మచ్చలు, కళ్ల కింద నీడలు సరిదిద్దడం, దాన్ని టచింగ్ అనేవారు. టచింగ్ బాగా తెలిసినవాడికి ఊళ్లో చిత్రకారుడికున్నంత గౌరవం ఉండేది. సంక్రాంతి మూడు రోజులూ స్టూడియో ముందు బెంచీ ఖాళీగా ఉండేది కాదు. కొత్త అల్లుడు, కూతురు ఒక జట్టు. సెలవు మీద వచ్చిన సిపాయి, తల్లి ఒక జట్టు. పంట డబ్బుతో వాచీ కొనుక్కుని, అది కనిపించేటట్లు చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్న రైతు. వెనక తాజ్‌మహలో, చందమామో గీసిన తెర. అంటే ఆ వారం రోజుల నెగెటివ్‌లు ఒక్కచోట పెట్టి చూస్తే ఒక తాలూకా అంతా పండుగ బట్టల్లో మన ముందు నిలబడుతుంది. తాలూకా కచేరీ కాగితాల్లో కూడా ఆ మనుషులు అంత స్పష్టంగా ఉండరు.

ఆ కవరు వెతికి ఇచ్చిన స్టూడియో ఇప్పుడు లేదు. ఆ చోట ఫోన్ల కొట్టు ఉంది. నెగెటివ్‌లు ఏమయ్యాయని అడిగితే, తూకానికి వేశామని చెప్పారు. నెగెటివ్‌లో బొమ్మను నిలబెట్టేది వెండి కణాలు. పాత ఎక్స్‌రే ఫిల్ములు కొనుక్కుపోయేవారు ఆ వెండి కోసమే వాటిని కూడా కొంటారు. వారిని తప్పు పట్టడానికి లేదు. పదేళ్లు ఎవరూ అడగనిదాన్ని, గది అద్దె కట్టుకుంటూ ఎవరు దాచగలరు?

దాచాలన్న ఆలోచన మన పొరుగునే వచ్చింది. తమిళనాడులో పాత స్టూడియోల ఫోటోలను, నెగెటివ్‌లను పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థ వారు, బ్రిటిష్ లైబ్రరీ నడిపే అంతరించిపోతున్న పత్రాల పరిరక్షణ పథకం సాయంతో వెతికి, డిజిటల్ ప్రతులు తయారుచేశారు. మనకూ ఘనమైన వారసత్వమే ఉంది. ఆరో నిజాం కొలువులో ఉన్న రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడిపారు. ఘోషా స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచి ఫోటోలు తీసే పనిని కూడా ఒక మహిళకే అప్పగించారు. ఆయన 1905లో పోయినా, ఆయన గాజుపలకల నెగెటివ్‌లు రెండు వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. అయితే వాటిలో మనకు ఎక్కువగా కనిపించేది దొరలు, నవాబులు, భవనాలు, వేట. మా నాయనమ్మ లాంటివారు వాకిట్లో ముగ్గు వేస్తున్న ఫోటో కావాలంటే ఊళ్లలోని చిన్న స్టూడియోల అరలు, ఇళ్లలోని బిస్కెట్ల డబ్బాలు వెతకవలసిందే. తెలంగాణ పల్లెల బతుకును, బతుకమ్మ పండుగను ఎన్నో ఏళ్లు కెమెరాతో వెంటాడిన వరంగల్లువాసి భరత్ భూషణ్ గారు 2022లో కన్నుమూశారు. అలా పని పెట్టుకుని తీసేవారు తరానికి ఒకరో ఇద్దరో ఉంటారు. మిగిలినదంతా మన బావగార్ల పుణ్యమే.

అమెరికాలోని చికాగోలో ఇళ్లలో పిల్లలను చూసుకునే ఆయాగా పనిచేసిన వివియన్ మేయర్ తీసిన నెగెటివ్‌లు ఇలాగే, అద్దె కట్టని గోదాము సామానుతో పాటు 2007లో వేలానికి వచ్చాయి. ఆమె జీవితమంతా తీసి దాదాపు ఎవరికీ చూపించకుండా దాచినవి లక్షకు పైమాటే. ఆ పెట్టెలు కొన్నవారికి మూత తీసి, వెలుతురుకు పెట్టి చూసే ఓపిక ఉండబట్టి ఆమె పేరు ఈనాడు లోకానికి తెలిసింది. ఆమె 2009లో చనిపోయింది, ఆ పేరు వినకుండానే.

ఇప్పుడు ఫోటోలకు కొదవ లేదు కదా అని కొందరు అంటారు. కొదవ లేని మాట నిజమే. నిరుడు సంక్రాంతికి మా ఇంట్లో నాలుగు ఫోన్లలో కలిపి ఆరువందల ఫోటోలు తీశారు. వాటిలో ఒక్కటీ ప్రింటు వేయించలేదు. ఒక ఫోను నీళ్లలో పడింది. మిగతావాటిలో ఆ ఫోటోలు, పండుగ శుభాకాంక్షల బొమ్మల కింద, ఒకే కుండ, ఒకే చెరకుగడ, ఒకే గాలిపటం ఉన్న వందల బొమ్మల కింద ఎక్కడో ఉన్నాయి. హరిదాసు ఇప్పుడు మా వీధికి స్కూటరు మీద వస్తున్నాడు. అక్షయపాత్ర బండి ముందు భాగంలో కట్టి ఉంటుంది, కీర్తన స్పీకరులో వస్తుంది. పెద్దలు దాన్ని చూసి నిట్టూరుస్తారు. నేను మాత్రం పరుగెత్తి వెళ్లి ఫోటో తీశాను. యాభై ఏళ్లకు ఆ స్కూటరు, ఆ స్పీకరు, ఆ కాషాయం పంచె మీది హెల్మెట్ కూడా మా పిల్లల పిల్లలకు, మాకు లాంతరు కనిపించినట్లే కనిపిస్తాయి. తీసిన వెంటనే ప్రింటు వేయించి, వెనక వీధి పేరు, తారీఖు రాసి పెట్టాను.

రాయడమన్నదే అన్నిటికన్నా ముఖ్యమని నా అనుభవం. పండుగకు ఇంటిల్లపాదీ చేరినప్పుడు, అరిసెలు వండే హడావిడి తగ్గిన మధ్యాహ్నం వేళ, పాత ఫోటోలన్నీ చాప మీద పరిచి పెద్దవారిని ఎదుట కూర్చోబెట్టుకోండి. వాళ్లకు కళ్లు ఆనకపోతే ఫోనులో పెద్దది చేసి చూపించండి. వాళ్లు చెప్పే పేర్లు ఫోటో వెనక మెత్తని పెన్సిలుతో, నొక్కకుండా, అంచు వారగా రాయండి. బాల్ పెన్నుతో రాస్తే గీతలు ముందువైపు పొంగుతాయి, సిరా పక్క ఫోటోకు అంటుతుంది. పేర్లతో పాటు వరస కూడా రాయండి. 'పెద్దమ్మ' అని రాస్తే ఎవరి పెద్దమ్మ అని రేపు గొడవ. మా ఇంట్లో ఒక ఫోటో వెనక మా నాన్నగారి దస్తూరీతో 'మనవాళ్లు' అని మాత్రం ఉంది. అందులో తొమ్మిదిమంది ఉన్నారు, ముగ్గురిని గుర్తుపట్టాము. ఎవరైనా ఏదైనా కథ ఎత్తుకుంటే ఫోనులో రికార్డు పెట్టి ఊరుకోండి. 'అది కాదు, ఇది కాదు' అని మధ్యలో సరిదిద్దకండి, ఆ సరిదిద్దుడుతోనే సగం కథలు ఆగిపోతాయి.

అద్దాల పటాల్లోని ఫోటోలకు ఫోనుతో నకలు తీసుకునేటప్పుడు ఫ్లాష్ వేయకుండా, కిటికీ పక్కన నీడలో పెట్టి, నేరుగా పైనుంచి తీస్తే సరిపోతుంది. అద్దానికి అంటుకుపోయిన ఫోటోను పీకే ప్రయత్నం చేయవద్దు, అద్దంతోనే నకలు తీయండి. పాత ఫోటోలను లామినేషన్ చేయించవద్దు. చేసేవారు మంచిదని చెబుతారు గాని ఒకసారి అంటుకున్న ప్లాస్టిక్ మళ్లీ రాదు. నలుపు తెలుపు ఫోటోలు గట్టివి. ముందుగా నకలు తీయవలసినవి 1980ల నాటి రంగుల ఫోటోలు. వాటిలో నీలం ఛాయ ముందుగా పోయి, పెళ్లిపందిరి అంతా కుంకుమ నీళ్లలో ముంచినట్లు ఎర్రబారుతుంది. నెగెటివ్‌లు ప్లాస్టిక్ సంచుల్లో కాక కాగితం కవర్లలో, చెమ్మ తగలని చోట ఉంచాలి. డబ్బా తీయగానే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే ఆ ఫిల్ము చివికిపోవడం మొదలైందని అర్థం. దాన్ని మంచివాటి నుంచి వేరు చేసి, ముందు దాని నకలు తీసుకోవాలి. నకళ్లు ఒక్క ఇంట్లోనే ఉంచవద్దు. మా పెళ్లి ఫోటోల్లో మొగాలున్న రెండింటిని నిరుడు న్యూజెర్సీ నుంచి మా అన్నయ్యగారి అబ్బాయి పంపించాడు. వాళ్ల నాన్నగారికి 1980లో మేము ఉత్తరంలో పెట్టి పంపినవి, ఆ ఉత్తరంతో సహా ఉన్నాయట. పోస్టు ఖర్చు దండగ అని ఆనాడు అన్నవాడిని కూడా నేనే.

మీకు రెండు విన్నపాలు ఉన్నాయి. ఏటా సంక్రాంతికి మీరు ముగ్గుల పోటీలు పెట్టి, గెలిచిన ముగ్గుల ఫోటోలు అచ్చు వేస్తున్నారు. మంచిదే. వాటిలో ముగ్గు ఉంటుంది గాని వాకిలి ఉండదు, వేసిన చెయ్యి ఉండదు, పక్కన నిలబడి తప్పులు పట్టే అత్తగారు అసలే ఉండదు. ఆ పేజీలో ఒక మూల, పండుగ మూడు రోజులైనా సరే, పాఠకుల ఇళ్లలో దొరికిన పాత పండుగ ఫోటో ఒకటి వేయండి. ఊరు, సంవత్సరం, మనుషుల పేర్లు ఉంటేనే వేస్తామని నియమం పెట్టండి. ఆ నియమం కోసమైనా ఇళ్లలో ఆ ప్రశ్నలు అడుగుతారు. తెలంగాణలో ఇల్లు దులిపేది ఎక్కువగా దసరాకు కాబట్టి అక్కడి సంచికల్లో బతుకమ్మ రోజుల్లో వేస్తే బాగుంటుంది. రెండోది, మూతపడుతున్న స్టూడియోల నెగెటివ్‌లను, వాటికన్నా ముఖ్యంగా ఆ నంబర్ల పుస్తకాలను, తీసుకుని దాచేందుకు జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో ఒక్కొక్క గదైనా కేటాయించమని రెండు ప్రభుత్వాలను మీ సంపాదకీయంలో అడగండి. పుస్తకం లేని నెగెటివ్‌లు పేరులేని మనుషులే. తూకానికి ఇచ్చే ధర ఇచ్చినా స్టూడియోలవారు ఇస్తారు. నేను అడిగి చూసిన ఇద్దరూ ఊరికే ఇస్తామన్నారు.

ఈ ఉత్తరంతో ఆ రీలులోని ఆరో ఫోటో ప్రతిని జతపరుస్తున్నాను, హరిదాసుది. అందులో అక్క వెనకాల, మా వాకిలి గుంజను ఆనుకుని, చంకలో గొడుగుతో, తెల్లపంచెలో ఒక నడివయసు మనిషి నవ్వుతూ నిలబడి ఉన్నాడు. మా ఇంటి మనిషిలాగే ఉన్నాడు గాని ఎవరో మాలో ఎవరికీ తెలియదు. బావగారు లేరు, నాన్నగారు లేరు. చల్లపల్లిలో మా పెద్దమ్మగారు, అంటే మా నాన్నగారి పెద్దన్నయ్య భార్య, తొంభై ఏళ్ల మనిషి, ఇంకా మాట స్పష్టంగా ఉన్నది ఆమె ఒక్కతే. కనుమ నాడు ప్రయాణం కూడదంటారు కాబట్టి ముక్కనుమ నాడు ఉదయం బస్సుకు వెళుతున్నాను. ఫోటోను పెద్ద సైజులో ప్రింటు వేయించాను. పెన్సిలు చెక్కి జేబులో పెట్టుకున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయుడు,
మచిలీపట్నం